పిల్లల పెంపకానికి ఖస్ర్ లేదు

లండన్ వైట్‌చాపెల్ వీధుల్లో ఒక మధ్యాహ్నం

సకల స్తోత్రాలకూ అర్హుడు విశ్వప్రభువైన అల్లాహ్. ఆయన తలచిన చోటికే మనిషి అడుగు పడుతుంది. గడచిన వేసవిలో మేము, మా శ్రీమతి రెండున్నర నెలలపాటు లండన్ నగరంలో ఉండవలసి వచ్చింది. విహారానికి వెళ్లలేదు. అక్కడ తొమ్మిదేళ్లుగా కాపురముంటున్న మా అమ్మాయికి అది రెండవ కాన్పు. కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి రావడం మన వైపు ఆనవాయితీ. ఉద్యోగం వల్ల, పిల్లవాడి బడి వల్ల ఆమె గుంటూరుకు రాలేకపోయింది. అందుచేత పుట్టిల్లే ఆమె వద్దకు కదలి వెళ్లింది.

చేరిన మరునాడు జుహ్ర్ నమాజ్ ముగించి సలాం చెప్పగానే, పక్కన కూర్చున్న ఎనిమిదేళ్ల మనవడు ఒక ప్రశ్న వేశాడు. “నానా, దారిలో విమానాశ్రయంలో మీరు రెండు రకాతులే చదివారని నానీ చెప్పింది. ఇక్కడ నాలుగు చదివారేమిటి?”

ముప్పై ఏళ్లుగా మదర్సాలో ఫిఖహ్ బోధిస్తున్న మాకు ఇటువంటి ప్రశ్న వినడమే ఒక పండుగ. వాడిని ఎదుట కూర్చోబెట్టుకుని వివరించాము. సుమారు 48 మైళ్లకు తగ్గని దూరం వెళ్లాలన్న సంకల్పంతో ఊరు దాటినవాడు ముసాఫిర్, అంటే ప్రయాణికుడు. అల్లాహ్ కరుణతో అతనికి నాలుగు రకాతుల ఫర్జ్ నమాజ్ రెండుకు తగ్గుతుంది. దానినే ఖస్ర్ అంటాము. అయితే అతడు ఒక ఊరు చేరి అక్కడ పదిహేను రోజులు గానీ అంతకు మించి గానీ ఉండాలని నియ్యత్ చేసుకుంటే ముఖీమ్ అవుతాడు, ఆ ఊరివాడితో సమానమవుతాడు. అప్పుడు నమాజ్ పూర్తిగా చదవాలి. ఇది మన హనఫీ ఫిఖహ్ చెప్పే మాట. రెండున్నర నెలలు ఉండబోతున్నాము గనుక ఇక్కడ నాలుగు రకాతులు.

వాడు కాసేపు ఆలోచించాడు. “మరి మేం ముసాఫిర్లమా, ముఖీమ్‌లమా?” అన్నాడు. ముఖీమ్‌లే అన్నాము. “అబ్బూ ఎప్పుడూ వచ్చే సంవత్సరం ఇండియా వెళ్లిపోదాం అంటారు కదా?”

వంటగదిలో పాత్రల చప్పుడు ఆగిపోయింది. మా అమ్మాయి వింటున్నదని అర్థమైంది. అల్లుడుగారు తల వంచుకుని ఫోను చూసుకోసాగారు.

ఈ ప్రశ్నకు కూడా ఫిఖహ్ గ్రంథాల్లో ఒక జవాబు ఉన్నది. రేపు వెళ్తాను, ఎల్లుండి వెళ్తాను అనుకుంటూ, నిలిచే నియ్యత్ లేకుండా ఒక చోట ఆగిపోయినవాడు ఎన్నాళ్లు గడిచినా ముసాఫిరే. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) అజర్‌బైజాన్‌లో మంచు కారణంగా దారి మూసుకుపోయి ఆరు నెలలు ఆగిపోయినప్పుడు ఖస్ర్ చేస్తూనే ఉన్నారని ఉల్లేఖనం ఉంది. కానీ మా అల్లుడుగారికి దారి మూసిన మంచు ఏదీ లేదు. ఉద్యోగం, అద్దె ఇల్లు, పిల్లవాడి బడి అన్నీ అక్కడే కుదురుకున్నాయి. నమాజ్ విషయంలో ఆ కుటుంబం నిస్సందేహంగా ముఖీమ్. మనసు విషయంలో మాత్రం తొమ్మిదేళ్లుగా మూటాముల్లె సర్దుకుని గుమ్మంలో నిలబడి ఉన్నది. పిల్లవాడి ప్రశ్న ఆ రెంటి మధ్య పడింది. దానికి అప్పటికప్పుడు మేము జవాబు చెప్పలేకపోయాము.

ఆస్పత్రి ఎదుటి అంగడి

మూడు వారాల తరువాత, జూన్ నెలలో ఒక శుక్రవారం రాత్రి, వైట్‌చాపెల్‌లోని రాయల్ లండన్ ఆస్పత్రిలో మా అమ్మాయికి ఆడబిడ్డ పుట్టింది. అల్హమ్దులిల్లాహ్, తల్లీబిడ్డా క్షేమం. శనివారం ఉదయం బిడ్డను ఒడిలోకి తీసుకుని కుడి చెవిలో అజాన్, ఎడమ చెవిలో ఇఖామత్ చెప్పాము. పుట్టినప్పుడు చెప్పిన ఈ అజాన్‌కు నమాజ్ జనాజా నమాజేనని మన పెద్దలు అంటూ ఉంటారు. జనాజా నమాజుకు అజాన్ లేదు గదా! అజాన్‌కూ నమాజుకూ మధ్య ఎంత వ్యవధి ఉంటుందో మనిషి జీవితం అంతే.

మధ్యాహ్నం తల్లిని విశ్రాంతి తీసుకోనివ్వమని నర్సు చెప్పింది. మనవడి చేయి పట్టుకుని బయటకు నడిచాము. అక్కడ జూన్‌లో పొద్దు చాలా పెద్దది. మగ్రిబ్ రాత్రి తొమ్మిది దాటాకనే. హనఫీ లెక్కన అస్ర్ సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో వస్తుంది. జుహ్ర్ చదువుకుని, ఆ పేటను చూసి, తీరికగా తిరిగి రావచ్చునని మా ఉద్దేశం.

ఆ ఆస్పత్రి ఈ రోడ్డు మీద 1757 నుండి ఉన్నది. ఎదురుగా కాలిబాట పొడవునా అంగడి. గుడారపు గుడ్డల కింద కాకరకాయలు, బెండకాయలు, పనస తొనలు, తమలపాకులు, బుర్ఖాలు, అత్తరు సీసాలు. ఒక దుకాణంలో మంచులో బిగిసిన ఇలిస చేపలు చూసి మా శ్రీమతి ఉంటే ఎంత సంతోషించేదో అనుకున్నాము. మన గోదావరి వాళ్లు పులస అని ప్రాణం పెట్టేది దానినే. భూగర్భ రైలు స్టేషన్ గుమ్మంపైన వైట్‌చాపెల్ అనే పేరు ఇంగ్లీషుతో పాటు బెంగాలీ లిపిలోనూ రాసి ఉంది. 2022లో పెట్టారట. బంగ్లాదేశ్‌లోని సిల్హట్ ప్రాంతం నుండి వచ్చినవారు ఈ పేటలో అంత ఎక్కువ. “అది మన భాషా నానా?” అని మనవడు అడిగాడు. కాదన్నాము. “మన భాష ఎలా ఉంటుంది?” అన్నాడు. జేబులోని కాగితం మీద వాడి పేరు తెలుగులో రాసి చూపించాము. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “అన్నీ గుండ్రంగా ఉన్నాయి” అన్నాడు. తన పేరు తాను చదువుకోలేని మనవడిని చూసి నవ్వాలో, నొచ్చుకోవాలో మాకు తెలియలేదు.

మూడు ఇళ్లలో మొదలైన మస్జిద్

అక్కడికి కొద్ది దూరంలో ఈస్ట్ లండన్ మస్జిద్. ఇటుక గోడలు, మీనారులు, బంగారు రంగు గుంబద్. రోడ్డు మీదికి వినిపించేలా జుహ్ర్ అజాన్ వచ్చినప్పుడు మా ప్రాణం లేచివచ్చినట్లయింది. జమాఅత్‌లో మా కుడి పక్క సోమాలియా దేశస్థుడు, ఎడమ పక్క మనవడు, వాడి పక్కన ఒక బెంగాలీ యువకుడు.

ఈ మస్జిద్ ఒక్కరోజులో లేచినది కాదు. కలకత్తా హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన సయ్యద్ అమీర్ అలీ మొదలైనవారు 1910లో లండన్‌లో మస్జిద్ కోసం ఒక నిధిని ఏర్పరచారు. సొంత మస్జిద్ ఏర్పడడానికి ముప్పై ఏళ్లు పట్టింది. అంతవరకూ జుమా నమాజులు అద్దె గదుల్లోనే. చివరకు 1941లో, యుద్ధకాలంలో, కమర్షియల్ రోడ్డులో కొన్న మూడు మామూలు ఇళ్లను కలిపి మస్జిద్‌గా తెరిచారు. ఇప్పుడున్న కట్టడం 1985 నాటిది.

ఆ నిధి వ్యవహారాలు చూసినవారిలో ఖుర్ఆన్‌ను ఇంగ్లీషులోకి తెచ్చిన ఇద్దరు ప్రముఖులు ఉన్నారు. ఒకరు అబ్దుల్లాహ్ యూసుఫ్ అలీ. మరొకరు మర్మడ్యూక్ పిక్తాల్. పిక్తాల్ పేరు మన హైదరాబాదుకు కొత్తది కాదు. ఇస్లాం స్వీకరించిన ఈ ఆంగ్ల రచయిత నిజాం కొలువులో ఉండి చాదర్‌ఘాట్ బడికి ప్రధానోపాధ్యాయులుగా పనిచేశారు. ‘ఇస్లామిక్ కల్చర్’ పత్రికను నడిపారు. నిజాం ప్రభుత్వం ఇచ్చిన సెలవులో పూర్తిచేసిన ఆయన అనువాదం 1930లో వెలువడింది. లండన్‌లో పుట్టినవాడు హైదరాబాదులో కూర్చుని తన జాతి ప్రజల కోసం వారి భాషలో ఖుర్ఆన్ భావాన్ని రాశాడు. ఆయన అక్కడ ముసాఫిరా, ముఖీమా? ఏదైనా కానివ్వండి, ఉన్నన్నాళ్లూ పని ఆపలేదు.

మస్జిద్‌ను ఆనుకుని వెనుక వీధిలో యూదుల పాత ప్రార్థనాలయం ఒకటి ఉంది. 1899లో తెరిచినది. చుట్టూ మస్జిద్ భవనాలు లేచినా దశాబ్దాలపాటు ఇరుగుపొరుగుగానే నిలిచింది. వచ్చేవారు తగ్గి తగ్గి చివరకు మూతపడింది. 2015లో మస్జిద్‌వారు దానిని కొన్నారు. మూసిన ఆ తలుపుల ముందు మేము కాసేపు ఆగాము. మనసులో గెలుపు భావం ఏదీ కలగలేదు. ఇక్కడ ప్రార్థించినవారి మనుమలు ఏమయ్యారు అన్న ప్రశ్న మాత్రం కలిగింది.

పార్కులో ఒక పెద్దాయన

మళ్లీ పెద్దరోడ్డు మీదికి వచ్చి పడమటికి నడిచాము. దారిలో గంటలు పోతపోసే ప్రాచీన కర్మాగారం ఒకటి కనిపించింది. లండన్ పార్లమెంటు గడియారంలోని ‘బిగ్ బెన్’ గంటను 1858లో పోసింది ఇక్కడే. 1570 నుండి నడచిన ఆ సంస్థ 2017లో ఇక్కడి పని ఆపివేసింది. లోకానికంతటికీ కాలం చెప్పే గంటలు చేసినవారికీ కాలం చెల్లింది.

కొంచెం ముందుకు వెళ్తే అల్తాబ్ అలీ పార్కు. ఒకప్పుడు ఇక్కడ తెల్లని చర్చి ఉండేది. ‘వైట్‌చాపెల్’ అన్న పేరు దాని వల్లనే వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబులకు ఆ చర్చి కూలిపోయింది. అల్తాబ్ అలీ ఒక బెంగాలీ యువకుడు, బట్టలు కుట్టే కార్ఖానాలో కూలి. 1978 మే 4న పని ముగించుకుని ఇంటికి వెళ్తుండగా, జాతి ద్వేషం తలకెక్కిన కుర్రవాళ్లు ఇక్కడే పక్క వీధిలో అతన్ని పొడిచి చంపారు. పది రోజుల తరువాత వేలాదిమంది అతని శవపేటిక వెనుక ప్రధానమంత్రి నివాసం దాకా నడిచారు. తాము ఇక్కడ బతకడానికి వచ్చామనీ, బెదిరిస్తే పారిపోమనీ ఆ రోజు వారు తేల్చి చెప్పారు. పార్కు మూలలో ఢాకాలోని షహీద్ మీనార్‌కు చిన్న నమూనా ఉంది. 1952 ఫిబ్రవరి 21న మాతృభాష కోసం ప్రాణాలిచ్చినవారి స్మారకం అది.

అక్కడ బల్ల మీద తెల్లగడ్డం పెద్దాయన ఒకరు కూర్చుని ఉన్నారు. సలాం చేశాము. ఉర్దూ బాగా వచ్చు. “ఎక్కడినుంచి మౌలానా సాహెబ్?” అన్నారు. గుంటూరు అంటే తెలియలేదు, హైదరాబాదు పేరు చెబితే తలూపారు. మాటల్లో తన కథ చెప్పారు. వారి పెదనాన్న ఓడల్లో బాయిలర్‌కు బొగ్గు ఎగదోసే పనివాడట. తాను 1963లో, పదిహేడేళ్ల వయసులో వచ్చారట.

“ఐదేళ్లు పనిచేసి వెళ్లిపోదామనుకున్నాను. ఐదు పదైంది, పది ఇరవై అయింది. సిల్హట్‌లో పది గదుల ఇల్లు కట్టాను మౌలానా. ఆ ఇంట్లో నేను పడుకున్న రాత్రులన్నీ కలిపినా ఏడాది కావు. ఇప్పుడు కాపలావాడు ఉంటున్నాడు.”

కాసేపు ఆగి గొంతు తగ్గించారు. “ఇల్లు పోతే పోయింది. మా పెద్దవాడి విషయమే నన్ను తినేస్తుంది. వాడు మీ మనవడంత ఉన్నప్పుడు, ఎలాగూ దేశం వెళ్లిపోతాం కదా, ఖుర్ఆన్ అయినా భాష అయినా అక్కడ మా అన్నగారి దగ్గర నేర్చుకుంటాడులే అనుకున్నాను. రెండు పూటలా కార్ఖానాలోనే ఉండేవాణ్ని. వెళ్లలేదు, నేర్పలేదు. వాడు మంచివాడే, నెలకోసారి ఫోను చేస్తాడు. కానీ వాడికీ నాకూ మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. వాడి పిల్లలకు నేనెవరో సరిగ్గా తెలియదు. చిన్నవాళ్లిద్దరి దగ్గరకు వచ్చేసరికి మేలుకున్నాను. వాళ్లు ప్రతి జుమాకు నా పక్కనే నిలబడతారు. పెదనాన్న జనాజా సిల్హట్ వెళ్లింది. నాది ఇక్కడే చేయమని వాళ్లకు చెప్పాను. నా కబ్ర్ దగ్గరకు వచ్చేవాళ్లు ఇక్కడే ఉన్నారు గదా!”

మనవడి తలపై చేయి వేసి దుఆ చేశారు. మేమూ ఆయన కోసం, ఆయన పెద్దకుమారుడి కోసం దుఆ చేసి లేచాము.

ఒక కట్టడం, మూడు సమాజాలు

పార్కు ఎదురుగా ఉత్తరానికి మళ్లే వీధి కొద్దిదూరంలో బ్రిక్ లేన్ అవుతుంది. ఇరువైపులా భోజనశాలలు, మిఠాయి దుకాణాలు, వీధి పేర్లు రెండు లిపుల్లో. శనివారం కావడంతో జనం కిటకిటలాడుతున్నారు. ఆ వీధిలో ఫోర్నియర్ స్ట్రీట్ మూలమీద ఉన్న ఇటుక కట్టడం కోసమే మేము అంతదూరం నడిచాము. దాని కథ పూర్వం ఒక పుస్తకంలో చదివి ఉన్నాము.

ఫ్రాన్సులో ప్రొటెస్టెంట్ క్రైస్తవులకు మతస్వేచ్ఛనిచ్చిన శాసనాన్ని 1685లో పధ్నాలుగవ లూయీ రాజు రద్దుచేశాడు. హ్యూగెనాట్లు అని పిలిచే ఆ ప్రజలు వేల సంఖ్యలో ఇంగ్లండుకు పారిపోయి వచ్చారు. వారిలో పట్టు నేతగాళ్లు ఈ పేటలో స్థిరపడ్డారు. మగ్గానికి వెలుతురు కోసం పై అంతస్తులో పెద్ద పెద్ద కిటికీలు పెట్టి కట్టుకున్న వారి ఇళ్లు ఫోర్నియర్ స్ట్రీట్‌లో నేటికీ ఉన్నాయి. చేనేత ఇళ్లు ఎరిగిన మన మంగళగిరి, చీరాల వాళ్లు చూస్తే ఇట్టే గుర్తుపడతారు. వారు 1743లో కట్టుకున్న ప్రార్థనాలయమే ఈ కట్టడం. 1819లో అది మెథడిస్టు క్రైస్తవుల చేతికి వచ్చింది. 1880ల నుండి రష్యా సామ్రాజ్యంలో ఊచకోతలకు తాళలేక యూదులు పెద్దయెత్తున ఈ పేటకు వచ్చారు. 1898లో ఇది వారి ప్రార్థనాలయమైంది. 1976 నుండి ఇది జామె మస్జిద్. గోడలు అవే, పైకప్పు అదే. ఇటీవల బయట ఒక ఉక్కు మీనార్ నిలిపారు, అంతే తేడా.

ఫోర్నియర్ స్ట్రీట్ వైపు గోడ మీద, బాగా పైన, ఒక నీడ గడియారం ఉంది. దానిమీద 1743 అన్న అంకె, రెండు లాటిన్ పదాలు. మనం నీడలమే అని వాటి అర్థం. ఆ పదాలను చెక్కించింది మన ధర్మంవారు కాదు. అయినా మస్జిద్‌వారు చెరిపివేయలేదు. చెరపవలసిన అవసరమూ లేదు. నీడను చాచేదీ, సూర్యుణ్ని దానికి గుర్తుగా చేసేదీ, మెల్లగా దాన్ని తనవైపు లాగుకునేదీ తానేనని అల్లాహ్ సూరె ఫుర్ఖాన్‌లో గుర్తుచేశాడు. దైవప్రవక్త (స) తమకూ ఈ లోకానికీ ఉన్న సంబంధాన్ని చెట్టునీడన కాసేపు ఆగి, తిరిగి సాగిపోయే బాటసారితో పోల్చారు. తమ అనుచరుడైన ఇబ్ను ఉమర్ (రజి) భుజం పట్టుకుని, ఈ లోకంలో పరదేశిలా, బాటసారిలా బతకమని ఉపదేశించారు. మంచులో ఆరు నెలలు ఖస్ర్ చేసిన ఇబ్ను ఉమర్ ఆయనే.

అక్కడ నిలబడి ఉండగా ఒక సంగతి మాకు తట్టింది. ఈ కట్టడాన్ని విడిచివెళ్లిన వారందరి గతీ ఒకటి కాదు. హ్యూగెనాట్ల మనుమలు క్రమంగా ఫ్రెంచి మరిచారు, ఇంగ్లీషు చర్చిలలో కలిసిపోయారు. వీధులకు పెట్టిన పేర్లు, కొన్ని ఇంటిపేర్లు మాత్రం మిగిలాయి. ఇక్కడ ప్రార్థించిన యూదుల జమాఅత్ అలా కాదు. వారు ఈ పేట వదిలి నగరపు వాయవ్య ప్రాంతమైన గోల్డర్స్ గ్రీన్‌కు తరలిపోయినా, అదే పేరుతో, అదే ఆచారంతో ఈనాటికీ కొనసాగుతున్నారు. ఇక్కడ ఉన్నన్నాళ్లూ ప్రార్థనాలయంతో పాటు పిల్లల ధార్మిక పాఠశాలనూ నడిపారు. పగలంతా కుట్టుపని చేసిన తండ్రుల పిల్లలు బడి వదిలాక అక్కడికి వచ్చి తమ గ్రంథం చదువుకునేవారు. కట్టడాన్ని వదిలిపెట్టారు గానీ చదువును వదిలిపెట్టలేదు. వారి విశ్వాసంతో మనకు ఏకీభావం లేకపోవచ్చు. ఒక సమాజం నీడలా జరిగిపోతూ కూడా తనను తాను ఎలా నిలుపుకుంటుందో వారి నుండి తెలుసుకోవడానికి అభ్యంతరం ఉండనక్కరలేదు.

“ఇప్పుడిది మన మస్జిదే కదా నానా? ఎప్పటికీ మనదేనా?” అని మనవడు అడిగాడు. అది నీ వంటి పిల్లల మీద ఆధారపడి ఉంటుందని చెప్పాము. వాడికి ఏమి అర్థమైందో గానీ, లోపలికి వెళ్లి రెండు రకాతులు చదువుదామన్నాడు. వెళ్లి తహియ్యతుల్ మస్జిద్ చదివాము.

అల్లుడి ప్రశ్న

ఆస్పత్రికి తిరిగి వచ్చేసరికి అస్ర్‌కు ఇంకా గంటకు పైగా వ్యవధి ఉంది. తల్లీబిడ్డా నిద్రపోతున్నారు. మనవడు నానీ పక్కన చేరి తాను చూసినవన్నీ చెప్పసాగాడు. అల్లుడుగారు మమ్మల్ని వరండాలోకి తీసుకువెళ్లారు. మూడు వారాలుగా మనసులో దాచుకున్న మాట అప్పుడు బయటపెట్టారు.

“మామూ, ఇప్పుడు ఆడపిల్ల కూడా పుట్టింది. మీరు ఒక్క మాట చెప్పండి. వచ్చేయమంటే వచ్చేస్తాం.”

నిజం చెప్పాలంటే, వచ్చేయమని చెప్పడానికే మేము గుంటూరులో విమానపు టికెట్లు కొనుక్కున్నాము. మా శ్రీమతికి కూడా అదే ఆశ. ఆ రోజు మాత్రం ఆ మాట నోటికి రాలేదు. అల్లుడుగారికి మేము చెప్పిన సారాంశం ఇది.

వెళ్లాలా, ఉండాలా అన్నది మీ సంపాదన, ఆరోగ్యం, తల్లిదండ్రుల అవసరం, పిల్లల ధర్మం చూసుకుని, ఇస్తిఖారా చేసి మీరిద్దరూ తేల్చుకోవలసిన విషయం. వస్తే మా గుమ్మం తెరిచే ఉంటుంది. ఉంటే మా దుఆ తగ్గదు. కానీ ఏదో ఒక నియ్యత్ చేసుకోండి. ముసాఫిర్‌కు నమాజులో ఖస్ర్ ఉంది, రోజా వాయిదా వేసుకునే వెసులుబాటు ఉంది. పిల్లల తర్బియత్‌కు మాత్రం ఖస్ర్ లేదు. దాన్ని సగం చేయడానికీ వీల్లేదు, ఊరు చేరాక కజా తీర్చుకోవడానికీ వీల్లేదు. ఎనిమిదో ఏట నేర్పవలసింది పద్దెనిమిదో ఏట నేర్పలేము. తొమ్మిదేళ్లుగా మీరు వచ్చే ఏడు వెళ్లిపోదామంటున్నారు, పిల్లవాడికి ఎనిమిదేళ్లు నిండాయి. వాడికి వచ్చే ఏడు అంటూ ఒకటి లేదు, ఈ రోజే ఉంది.

యాఖూబ్ (అ) సంగతి కూడా గుర్తుచేశాము. కరువు కాలంలో కన్ఆన్ విడిచి, కుమారుడైన యూసుఫ్ (అ) ఉన్న మిస్ర్ దేశానికి కుటుంబమంతటితో తరలివెళ్లిన ప్రవక్త ఆయన. మరణం ఆసన్నమైనప్పుడు ఆయన కొడుకులను చుట్టూ పిలిచి అడిగిన ప్రశ్న సూరె బఖరాలో ఉన్నది. సొంత ఊరికి తిరిగి వెళ్తారా అని కాదు, పొలాలు ఏం చేస్తారని కాదు. నా తరువాత మీరు ఎవరిని ఆరాధిస్తారు అని అడిగారు. పరదేశంలో పిల్లలను పెంచిన తండ్రికి చివరి క్షణంలో కావలసిన జవాబు అదొక్కటే. ఆ కొడుకులు తడుముకోకుండా జవాబు చెప్పగలిగారంటే, దాని వెనుక ఎన్నేళ్ల పెంపకం ఉండాలి!

అల్లుడుగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “సాయంత్రం మక్తబ్‌కు పంపుతున్నాం కదా, సరిపోతుందనుకున్నాను” అన్నారు. మక్తబ్ ఉస్తాద్ అక్షరాలు నేర్పుతాడు, ఆ అక్షరాల మీద ప్రేమ ఇంట్లోనే పుట్టాలి అన్నాము. తండ్రి ఫజ్ర్‌కు లేవడం చూసిన పిల్లవాడికి ఫజ్ర్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

మా తప్పు మాది

ఇంతవరకూ చదివిన పాఠకులు ఇది పరదేశంలో ఉన్నవారికి చెప్పిన నీతి అనుకోవచ్చు. ఆ రాత్రి పడకమీద వాలిన తరువాత మా సంగతి మాకు గుర్తుకు వచ్చింది.

మేము సొంత ఊరిలో, సొంత ఇంట్లో, నూటికి నూరుపాళ్లు ముఖీమ్. మదర్సాలో వందల మంది పిల్లలకు పాఠం చెప్పాము. ఈ మనవడు పుట్టిన నాటి నుండి ప్రతి జుమా రోజు ఫోనులో మాట్లాడుతూనే ఉన్నాము. ఏం మాట్లాడాము? ఆరోగ్యం ఎలా ఉంది, ఏం వండారు, ఎప్పుడు వస్తున్నారు. ఈ మూడు ప్రశ్నలే. ఎనిమిదేళ్లలో ఒక్కసారైనా, బాబూ ఒక సూరా వినిపించు అని అడగలేదు. రెండు తెలుగు అక్షరాలు నేర్పలేదు. వచ్చాక నేర్పుదాంలే అనుకున్నాము. పార్కులోని ఆ పెద్దాయన తన పెద్దకొడుకు విషయంలో అనుకున్నదీ సరిగ్గా ఇదే. ఆయన పరదేశంలో ఉండి చేసిన పొరపాటును మేము మా ఊరి మదర్సాలో కూర్చుని చేశాము.

మన ఊళ్లలోనే చూడండి. హైదరాబాదుకో, గల్ఫ్‌కో వెళ్లిన తండ్రి తిరిగి వచ్చాక పిల్లలను చూసుకుంటాడని ఎన్ని ఇళ్లు ఎదురుచూడటం లేదు? దుకాణం నిలదొక్కుకున్నాక, ఇల్లు పూర్తయ్యాక, పదో తరగతి అయ్యాక అంటూ ఊరు కదలకుండానే పిల్లల తర్బియత్‌లో ఖస్ర్ చేసేవారు ఎందరు లేరు?

అల్లాహ్ ప్రతి ప్రవక్తనూ ఆ జాతి భాషలోనే పంపాడని ఖుర్ఆన్ తెలియజేస్తుంది. తాతకూ మనవడికీ మధ్య భాష తెగిపోతే, తాత దగ్గర ఉన్న ధర్మజ్ఞానం మనవడిని చేరే దారి కూడా సన్నబడుతుంది. ఇంట్లో మన ఉర్దూ, చదువుకోవడానికి తెలుగు, అక్కడి బడికి ఇంగ్లీషు, నమాజుకు అరబీ. నాలుగు భాషలు పిల్లవాడికి బరువు కావు. ఒక్కటీ నేర్పే పెద్దవాడు లేకపోవడమే బరువు.

మేము తిరిగివచ్చి నెలలు గడిచాయి. మా అమ్మాయి, అల్లుడుగారు ఇంకా నిర్ణయం తీసుకోలేదు. ఆలోచిస్తున్నారు. ఈలోగా ఒక ఏర్పాటు జరిగింది. వేసవిలో అక్కడ ఉదయం ఏడు గంటలంటే మాకు పదకొండున్నర. మదర్సాలో ఆ సమయానికి మాకు పాఠం లేకుండా మార్పించుకున్నాము. మనవడు బడికి వెళ్లే ముందు ఫోనులో పది నిమిషాలు ఖుర్ఆన్ వినిపిస్తాడు, ఐదు నిమిషాలు తెలుగు అక్షరాలు దిద్దుతాడు. చలికాలంలో వారి గడియారం గంట వెనక్కు జరిగింది. మేమూ పాఠాన్ని గంట జరిపాము. ఇప్పటికి జుజ్ అమ్మలో సగం పూర్తయింది. మొన్న వాడు కాగితం మీద ఏదో రాసి కెమెరాకు అడ్డంగా పెట్టాడు. అక్షరాలు వంకరగా ఉన్నాయి, ‘న’ దీర్ఘం ఒకచోట మరిచాడు. అయినా ‘నానా’ అని చదువుకోగలిగాము. వెనుక నుండి చంటిపిల్ల ఏడుపు వినిపిస్తున్నది. చెల్లెలికి కూడా తానే నేర్పుతానని వాడి మాట.

మా ప్రభూ! మా సంతానాన్ని మా కళ్లకు చలువగా చెయ్యి. వారు ఏ దేశంలో ఉన్నా, ఏ భాష మాట్లాడినా, మా తరువాత ఎవరిని ఆరాధిస్తారన్న ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగలిగే వారిగా చెయ్యి. వారికి నేర్పవలసిన రోజున నేర్పే శక్తిని మాకు ప్రసాదించు. ఆమీన్.